సరిహద్దు గీతల వెంట చెన్నైలో ఐదు రోజులు

మొదటి రోజు, శనివారం: కోట

కోట మ్యూజియానికి శుక్రవారం సెలవు, మిగతా రోజుల్లో సచివాలయం రద్దీ. అందుకే శనివారం మొదలుపెట్టాం. మాంబళంలో బీచ్ వైపు వెళ్ళే లోకల్ ఎక్కి ఫోర్ట్ స్టేషన్‌లో దిగితే కోట గేటు నడక దూరమే. లోపల శాసనసభ కూడా ఉంది కాబట్టి తనిఖీ గట్టిగానే ఉంటుంది. గుర్తింపు కార్డు చేతిలో ఉంచుకుని, సంచులు ఇంట్లో వదిలి వస్తే పని త్వరగా అవుతుంది.

ఈ కోట గోడల కంటే ముందు పుట్టింది ఒక పత్రం. చంద్రగిరి నుంచి ఏలుతున్న విజయనగర ప్రభువుల కింద ఈ తీరం దామెర్ల వెంకటాద్రి నాయకుడి చేతిలో ఉండేది. మద్రాసపట్నం అనే చిన్న పల్లె దగ్గర కోట కట్టుకుని వ్యాపారం చేసుకోమని ఆయన 1639లో ఈస్టిండియా కంపెనీ తరఫున వచ్చిన ఫ్రాన్సిస్ డేకి అనుమతి రాసిచ్చాడు. ఆయన తండ్రి చెన్నప్ప నాయకుడి పేరు మీదే చెన్నపట్నం. 1645లో శ్రీరంగరాయలు అదే అనుమతిని మళ్ళీ ఖాయం చేశాడు. పైన రాజు మారితే కింద పత్రమూ కొత్తది కావాలి. అప్పటి లెక్కలో హద్దు నేలకు కాదు, మాటిచ్చిన మనిషికి కట్టుబడి ఉండేది.

వందేళ్ళు గడిచాక ఆ పద్ధతి ఎంత మారిందో ఈ కోటే చూసింది. 1746 సెప్టెంబరులో ఫ్రెంచివాళ్ళు మద్రాసును పట్టుకున్నారు. 1748లో యూరప్‌లో ఎ-లా-షపెల్ సంధి కుదిరి, మద్రాసు ఇంగ్లీషువాళ్ళకు తిరిగి వచ్చింది. దానికి బదులుగా ఫ్రాన్సుకు దక్కింది ఉత్తర అమెరికాలో, కేప్ బ్రెటన్ దీవిలోని లూయీబూర్ కోట. ఇక్కడి నేతగాళ్ళకు, దుబాసీలకు, బోయీలకు ఆ దీవి ఎటువైపు ఉందో కూడా తెలియదు. ఊరిని అప్పగించింది 1749లో. వలస పాలనలో సరిహద్దు మారే మొదటి పద్ధతి ఇదే: ఎక్కడో బల్ల మీద రెండు దొరతనాలు కూర్చుని ఒక తీరాన్ని ఇంకో తీరంతో మార్చుకోవడం.

మ్యూజియంలో కార్న్‌వాలిస్ విగ్రహం దగ్గర తెలుగువాళ్ళు కాసేపు ఆగాలి. ముఖం వదిలేసి పీఠం మీద చెక్కిన దృశ్యం చూడండి. టిప్పు సుల్తాన్ ఇద్దరు కొడుకులను జామీనుగా అప్పగిస్తున్న ఘట్టం అది. 1792 శ్రీరంగపట్నం సంధిలో టిప్పు సగం రాజ్యం వదులుకున్నాడు. దాన్ని కంపెనీ, నిజాం, మరాఠాలు ముగ్గురూ పంచుకున్నారు. నిజాం వాటాలోకి కడప, గండికోట ప్రాంతం వచ్చింది. 1799లో టిప్పు చనిపోయాక మరికొంత వచ్చింది. 1800లో నిజాం ఆ రెండు వాటాలనూ, తన దగ్గర ఉంచుకున్న కంపెనీ పటాలాల ఖర్చు కింద, కంపెనీకే ధారపోశాడు. దత్తమండలాలు అన్న పేరు అక్కడిదే. ఎనిమిదేళ్ళలో కడప రైతు ముగ్గురు ప్రభువులకు శిస్తు కట్టాడు, ఒక్కరూ అతణ్ణి అడగలేదు. ఆ పేరులోని అవమానం కడుక్కోవడానికి 1928 దాకా పట్టింది. నంద్యాల సభలో ‘రాయలసీమ’ అన్న పేరు పెట్టుకున్నారు. ఒక ప్రాంతం తన పేరు తానే పెట్టుకోవడం చిన్న విషయం కాదని మా గట్టి నమ్మకం. హద్దుల మీద జాతి మాట్లాడటం మొదలయ్యేది అలాంటి చోటే.

మసక వెలుతురులో గాజు పెట్టె వెనక ఉన్న పట్టు జెండా చూడకుండా వెళ్ళొద్దు. 1947 ఆగస్టు 15న ఈ కోట మీద ఎగిరినది అదే. వెలుతురు తగిలితే పట్టు రంగు విరుగుతుంది, నూలు చిట్లుతుంది, అందుకే ఆ మసక. కళ్ళు అలవాటు పడేదాకా రెండు నిమిషాలు నిలబడితే కాషాయం అంచు నేత కనిపిస్తుంది.

రెండో రోజు, ఆదివారం: ప్యారిస్ కార్నర్, బర్మా బజార్

ఆదివారం ప్యారిస్ కార్నర్ ఖాళీగా ఉంటుంది. మామూలు రోజుల్లో ఫుట్‌పాత్ మీద నిలబడి రాయి చదవడం అయ్యే పని కాదు. డేర్ హౌస్ మూలన ఒక స్తంభం మిగిలి ఉంది, దాని మీద 1773 జనవరి 1 అన్న తేదీ చెక్కి ఉంటుంది. అలాంటివి ఆరు పాతారు. ఫ్రెంచివాళ్ళు రెండుసార్లు మీద పడ్డాక ఇంగ్లీషువాళ్ళకు ఒక విషయం తెలిసొచ్చింది: కోట గోడకు ఆనుకుని ఇళ్ళుంటే శత్రువు వాటి చాటున నక్కుతాడు. అందుకే కోట చుట్టూ ఫిరంగి గుండుకు అడ్డులేని బయలు ఉంచి, ‘ఈ రాయి దాటి కోట వైపు ఇల్లు కట్టకూడదు’ అని హద్దు వేశారు. నల్లవాళ్ళ పట్నం అని వాళ్ళు పిలిచిన ఊరు ఆ రాళ్ళ అవతలికి జరిగింది. నేటి జార్జి టౌన్ అదే. ఫిరంగి గుండు ఎంత దూరం పోతుందో దాన్ని బట్టి ఊరి అంచు తేలింది. నగరంలో మిగిలిన హద్దురాళ్ళలో మాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, దీని పక్కనుంచే రోజూ వేలమంది తలెత్తకుండా వెళ్ళిపోతారు.

అక్కణ్ణుంచి హైకోర్టు ప్రహరీ వెంట నడిస్తే ఎమ్‌డెన్ ఫలకం. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఈ జర్మన్ యుద్ధనౌక రేవు పక్కనున్న చమురు ట్యాంకుల మీద గుండ్లు కురిపించింది. తమిళంలో గడుసువాణ్ణి ‘ఎమ్‌డన్’ అనడం అప్పటినుంచే. ఆ నౌక ఇక్కడికి బయలుదేరింది చైనా తీరంలో జర్మనీ చేతిలో ఉన్న చింగ్‌దావ్ నుంచి. యుద్ధం ముగిశాక వెర్సాయ్ సంధిలో ఆ చోటి మీద జర్మనీకున్న హక్కులను చైనాకు తిరిగి ఇవ్వకుండా జపాన్‌కు రాసిచ్చారు. 1919 మే 4న బీజింగ్ విద్యార్థులు వీధుల్లోకి వచ్చింది అందుకే, ఆధునిక చైనా జాతీయోద్యమానికి అదో మలుపు. జర్మనీ మిగతా వలసలను నానాజాతి సమితి ‘మాండేట్లు’ అన్న పేరుతో గెలిచినవాళ్ళకు పంచింది: టాంగన్యీకా బ్రిటన్‌కు, రువాండా, ఉరుండి బెల్జియంకు, నైరుతి ఆఫ్రికా దక్షిణాఫ్రికాకు. ఆఖరిది నమీబియాగా స్వతంత్రం కావడానికి 1990 దాకా ఆగాల్సి వచ్చింది.

సాయంత్రానికి బీచ్ స్టేషన్ ఎదురుగా బర్మా బజార్. ఫోన్ కవర్లు, చార్జర్లు అమ్మే ఆ చిన్న కొట్ల వరస 1969లో బర్మా నుంచి వచ్చేసిన కుటుంబాల కోసం ఏర్పడింది. ఈ కథ తెలుగువాళ్ళది కూడా. కోరంగి రేవు నుంచి ఓడెక్కి వెళ్ళిన మనవాళ్ళను బర్మాలో ‘కోరంగీలు’ అనేవారు. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో రంగూన్ పేరు ‘రంగం’. వాళ్ళు వెళ్ళినప్పుడు బర్మా కూడా బ్రిటిష్ ఇండియాలో ఒక భాగమే, మద్రాసు నుంచి రంగూన్ వెళ్ళడం ఒకే దొరతనం కింద ఊరు మారడం. 1937 ఏప్రిల్ 1న బర్మాను ఇండియా నుంచి వేరు చేశారు. 1948 జనవరి 4న అది స్వతంత్ర దేశమైంది. 1962లో సైన్యం అధికారం పట్టుకుని, ఆ తర్వాత రెండేళ్ళలో కొట్లు, బ్యాంకులు జాతీయం చేసింది. ఉన్నచోట ఉన్న మనిషి కాళ్ళ కింద నుంచే గీత కదిలింది. బర్మా వెళ్ళినవాడు తాను పరాయి దేశం వెళ్ళాననుకోలేదు, ఆ దేశమే తర్వాత పరాయిదైంది. వలస సామ్రాజ్యాలు విడిపోయిన ప్రతిచోటా ఈ నష్టం కూలివాడి మీదే పడింది. సిలోన్‌లో తోటల కార్మికులకు 1948 చట్టంతో పౌరసత్వం పోయింది. 1964 సిరిమావో-శాస్త్రి ఒప్పందంలో 9,75,000 మందిని లెక్కగట్టి, 5,25,000 మంది ఇండియాకు, 3,00,000 మంది సిలోన్‌కు అని పంచుకున్నారు. మిగిలిన 1,50,000 మందిని తర్వాత చూద్దామన్నారు. 1974లో ఆ మిగతా వాళ్ళను చెరిసగం చేశారు.

బండి మీద ‘అత్తో’ అనే బర్మా వంటకం తిన్నాం. లావు నూడుల్స్‌లో క్యాబేజీ, ఉల్లి, వేయించిన ఉల్లిపాయ, చింతపండు పులుసు, కారం వేసి చేత్తో కలిపి ఇస్తారు. పక్కన అరటి దూటతో చేసిన వేడి పులుసు. గిన్నె అడుగున దిగిన చింతపండు పులుసును మళ్ళీ కలుపుకోవాలి, లేకపోతే పైన చప్పగా, కింద పుల్లగా ఉంటుంది.

మూడో రోజు, సోమవారం: పరంగి కొండ

సెయింట్ థామస్ మౌంట్‌ను తమిళంలో పరంగిమలై అంటారు. మెట్రో దిగి ఆటోలో కొండ కిందికి, అక్కణ్ణుంచి మెట్లు. ఎత్తు 300 అడుగులే. ఎనిమిది దాటితే రాయి వేడెక్కుతుంది, ఏడుకల్లా పైన ఉంటే మేలు. చర్చి ఆవరణలో కంపెనీ సర్వే నడిపిన విలియం లాంబ్టన్ ప్రతిమ ఉంది. వచ్చేవాళ్ళలో దాని ముందు ఆగేవాళ్ళు తక్కువ. ఉపఖండపు పటం గీయడానికి మొదటి కొలత పడింది ఈ చుట్టుపక్కలే.

1802 ఏప్రిల్ 10న మొదలుపెట్టి మే 22 దాకా, ఈ కొండ దగ్గర నుంచి దక్షిణంగా పెరుంబాక్కం గుట్ట దాకా సుమారు ఏడున్నర మైళ్ళ ఆధార రేఖ కొలిచారు. సాధనం 100 అడుగుల ఉక్కు గొలుసు, రెండున్నర అడుగుల కడ్డీలు 40. దాన్ని నేల మీద ఈడ్చలేదు. ముక్కాలి పీటల మీద కొయ్య తొట్లు అమర్చి, అందులో పరిచి, పక్కన థర్మామీటర్లు పెట్టారు. ఇలా 400 సార్లు.

థర్మామీటర్లు ఎందుకో లెక్క వేసి చూడండి. ఉక్కు ఒక డిగ్రీ సెంటీగ్రేడ్ వేడెక్కితే 100 అడుగుల గొలుసు మిల్లీమీటరులో మూడో వంతు సాగుతుంది. 400 సార్లు కొలిస్తే ఆ ఒక్క డిగ్రీ తప్పు 14 సెంటీమీటర్లవుతుంది. ఏప్రిల్ ఎండలో తెల్లవారికీ మధ్యాహ్నానికీ పది డిగ్రీల తేడా వస్తే తప్పు దాదాపు మీటరున్నర. తర్వాత కట్టే త్రిభుజాలన్నీ ఈ ఒక్క భుజం మీదే నిలబడతాయి. ఒక భుజం పొడవు, రెండు కోణాలు తెలిస్తే మిగతా రెండు భుజాలు లెక్కలో వస్తాయి, అవి పక్క త్రిభుజాలకు ఆధారమవుతాయి. మొదటి భుజంలో తప్పుంటే అదే నిష్పత్తిలో దేశమంతా తప్పే. మద్రాసు నుంచి మంగుళూరు దాకా త్రిభుజాలు అల్లుకుంటూ వెళ్ళేసరికి ఈ ద్వీపకల్పం వెడల్పు సుమారు 360 మైళ్ళని తేలింది. అప్పటి పటాల్లో అది 40 మైళ్ళు ఎక్కువ ఉంది.

అదే రోజుల్లో దత్తమండలాల్లో థామస్ మన్రో మనుషులు ఇంకో గొలుసు పట్టుకుని పొలాల్లో తిరిగారు. దాని పొడవు 33 అడుగులు. 33 అడుగుల చదరం ఒక గుంట, 40 గుంటలు ఎకరం. లాంబ్టన్ గొలుసు దేశానికి ఆకారం ఇచ్చింది, మన్రో గొలుసు పొలానికీ గ్రామానికీ గట్టి హద్దు ఇచ్చింది. ఒకటి పటాలాల కోసం, ఒకటి శిస్తు కోసం. నూట యాభై ఏళ్ళ తర్వాత రాష్ట్రాల గీతలు నిలబడింది ఈ రెండో గొలుసు కొలిచిన గ్రామాల మీదే. ఆ మాట ఐదో రోజు యాత్రలో మళ్ళీ వస్తుంది.

ఇలాంటి కొలత లేకుండా గీసిన హద్దులు ఏమయ్యాయో ఆఫ్రికా చెబుతుంది. 1884-85 బెర్లిన్ సమావేశంలోనే ఖండాన్ని ముక్కలు కోశారని చాలామంది అనుకుంటారు. అక్కడ తేలింది ఎక్కువగా నియమాలే: తీరం మీద హక్కు చెప్పుకునేవాడు అక్కడ నిజంగా అధికారం చూపాలి, తక్కినవాళ్ళకు తెలియజేయాలి. గీతలు ఆ తర్వాత ఇద్దరిద్దరు దొరతనాల ఒప్పందాల్లో, అక్షాంశాలు, నదుల పేర్లు పట్టుకుని పడ్డాయి. ఆ బల్ల దగ్గర ఆఫ్రికావాళ్ళు ఒక్కరూ లేరు. నైజీరియా, కామెరూన్ కొట్లాడిన బకాసీ ద్వీపకల్పం మీద 2002లో అంతర్జాతీయ న్యాయస్థానం చూసింది 1913లో బ్రిటన్, జర్మనీ రాసుకున్న కాగితాన్ని. స్వతంత్ర దేశాలు కూడా 1964లో కైరోలో కూర్చుని, స్వాతంత్ర్యం వచ్చిన రోజున ఉన్న హద్దులనే గౌరవిస్తామని తీర్మానించుకున్నాయి. అది వలసపాలన మీద ప్రేమ కాదు. ఒక్క గీత కదిపితే అన్నీ కదులుతాయన్న భయం. 1993లో విడిపోయిన ఎరిత్రియా పాత ఇటాలియన్ వలస హద్దునే పట్టుకుంది. 2011లో పుట్టిన దక్షిణ సూడాన్ 1956 జనవరి 1 నాటి గీతను పట్టుకుంది.

మధ్యాహ్నం నుంగంబాక్కంలో వాతావరణ కార్యాలయం ఆవరణలో పాత మద్రాసు వేధశాల రాతి స్తంభం ఉంది, 1792 నాటిది. ముందుగా అనుమతి అడిగి వెళ్ళాలి. స్తంభం మీద లాటిన్, తమిళంతో పాటు తెలుగు కూడా చెక్కారు. దేశంలో రైళ్ళు ఒకప్పుడు నడిచింది ఈ చోటు ప్రకారం లెక్కించిన మద్రాసు టైము మీదే.

నాలుగో రోజు, మంగళవారం: మైలాపూరు

రాయపేట హైరోడ్డులో 126వ నంబరు ఇల్లు. బులుసు సాంబమూర్తి గారి ఇల్లు అది. 1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములు గారు ఇక్కడే నిరాహార దీక్ష మొదలుపెట్టి, డిసెంబరు 15 రాత్రి, 58వ రోజున ప్రాణం విడిచారు. నాలుగు రోజులకే, 19వ తేదీన, నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ప్రకటించారు. లోపలికి వెళ్ళినవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడతారు, ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇన్ని గీతల మధ్య ఒక మనిషి ఒంటితో గీసిన గీత ఇదొక్కటే.

ఆ త్యాగం తర్వాత జరిగిన పనిని కూడా అంతే శ్రద్ధగా చూడాలి. భాష ప్రకారం రాష్ట్రం అని ఒప్పుకున్నాక అసలు ప్రశ్న ఇంకా మిగిలే ఉంది: జనాన్ని దేని ప్రకారం లెక్కపెట్టాలి, జిల్లానా, తాలూకానా, గ్రామమా? కొలమానం మారితే గీత మారుతుంది. 1949లో నెహ్రూ, పటేల్, పట్టాభి కమిటీ మద్రాసు నగరం మీద పట్టు వదిలితేనే ఆంధ్ర రాష్ట్రం అంది. జస్టిస్ వాంఛూ నివేదిక తర్వాత, 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా, టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రిగా రాష్ట్రం ఏర్పడినప్పుడు, 11 జిల్లాలు మొత్తంగా వచ్చాయి. బళ్ళారిని మాత్రం తాలూకా లెక్కన విడదీసి ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటు ఇచ్చారు. బళ్ళారి తాలూకా మీద మిశ్రా విచారణ జరిగి అది మైసూరుకు పోయింది.

ఈ కొలమానం సమస్య మనదొక్కటే కాదు. 1947 జులై 8న ఢిల్లీలో దిగిన బ్రిటిష్ న్యాయవాది రాడ్‌క్లిఫ్ ఐదు వారాల్లో పంజాబ్, బెంగాల్ గీతలు గీశాడు. ఆ తీర్పు బయటికి వచ్చింది ఆగస్టు 17న, స్వాతంత్ర్యం వచ్చిన రెండు రోజులకు. గురుదాస్‌పూర్ జిల్లా మొత్తంగా చూస్తే ముస్లింలది స్వల్ప ఆధిక్యం. తహసీళ్ళుగా విడదీయగానే శకర్‌గఢ్ పాకిస్తాన్‌కు, మిగతా మూడూ ఇండియాకు వచ్చాయి. జిల్లాను విడదీయకుండా ఉంచితే ఒక గీత, తహసీళ్ళుగా విడదీస్తే ఇంకో గీత.

మధ్యాహ్నం లజ్ దగ్గర నాగేశ్వరరావు పంతులు పార్కు. కాశీనాథుని నాగేశ్వరరావు గారి ‘శ్రీబాగ్’ ఇల్లు ఈ చుట్టుపక్కలే ఉండేది. 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకులు అక్కడ రాసుకున్న ఒప్పందంలో రాజధాని, హైకోర్టు చెరొక చోట ఉండాలన్నారు. కృష్ణ, తుంగభద్ర, పెన్న నీళ్ళలో వెనకబడిన సీమకు పదేళ్ళ పాటు ముందు వాటా అన్నారు. ఒకే భాష వాళ్ళు కూడా ఒకరికొకరు హామీ పత్రం రాసుకోవాల్సి వచ్చిందన్నది భాషే సర్వం అనుకునేవాళ్ళు గుర్తుంచుకోవాలి. 2014 జూన్ 2 ఆ పాఠాన్ని మరోసారి చెప్పింది.

ఐదో రోజు, బుధవారం: తిరుత్తణి

సెంట్రల్‌లో మూర్ మార్కెట్ వైపు నుంచి తిరుత్తణి లోకల్ ఎక్కాలి. రెండు గంటలకు పైనే పడుతుంది. కుడి కిటికీ వైపు ఎండ తక్కువ అనుకుని కూర్చుంటే అరక్కోణంలో లైను ఉత్తరానికి తిరిగాక లెక్క మారిపోతుంది. 365 మెట్ల కొండ ఎక్కేటప్పుడు పూలమ్మే పెద్దమ్మలు తమిళంలో ధర చెప్పి, మన మాట చెవిన పడగానే తెలుగులోకి వచ్చేస్తారు.

1953లో జిల్లా లెక్కన చిత్తూరు అంతా ఆంధ్రలోకి వచ్చింది, దాంతోపాటు తిరుత్తణి తాలూకా కూడా. మ.పొ. శివజ్ఞానం నాయకత్వంలో తమిళులు గట్టిగా పోరాడారు. వాళ్ళు అడిగింది కూడా మనం మద్రాసులో అడిగినదే, అది మనం ఒప్పుకోవాలి. చివరికి హద్దు తేల్చే పని హెచ్.వి. పటాస్కర్‌కు అప్పగించారు. ఆయన జిల్లాను, తాలూకాను పక్కన పెట్టి గ్రామాన్ని కొలమానంగా తీసుకున్నాడు. గ్రామంలో ఏ భాషవాళ్ళు ఎక్కువమందో చూడాలి, ఆ గ్రామం ఆ రాష్ట్రానికి ఆనుకుని ఉండాలి. రెండో షరతు లేకపోతే ఒక రాష్ట్రం కడుపులో ఇంకో రాష్ట్రపు పల్లెలు దీవుల్లా మిగిలిపోతాయి. ఇండియా, బంగ్లాదేశ్ మధ్య అలాంటి దీవులు ఇండియావి 111, బంగ్లాదేశ్‌వి 51 ఉండి, 2015 జులై 31 అర్ధరాత్రి మార్చుకునేదాకా అక్కడి జనానికి ఓటు, కరెంటు, పోలీసు ఏదీ సరిగా అందలేదు.

1959 చట్టం ప్రకారం 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకాలో ఎక్కువ భాగం మద్రాసు రాష్ట్రానికి వెళ్ళింది. పొన్నేరి, తిరువళ్ళూరు తాలూకాల గ్రామాలు ఇటు వచ్చి సత్యవేడు తాలూకా అయ్యాయి. కాగితం మీద చక్కగా కనిపించే ఈ పద్ధతి నేల మీదికి వచ్చేసరికి చెరువు దగ్గర ఇబ్బంది పడుతుంది: చెరువు ఒక గ్రామంలో, ఆయకట్టు పక్క గ్రామంలో. భాష చూస్తే గీత మధ్యలో పడాలి, నీళ్ళు చూస్తే పడకూడదు. రెండు వైపులా పొలమున్న కుటుంబానికి ఈ రోజుకీ రెండు రిజిస్ట్రారు ఆఫీసులు, రెండు ఈసీలు (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రాలు), రెండు భాషల పట్టాలు.

రేణిగుంట వైపు ప్యాసింజరు ఎక్కితే పొన్పాడి, ఆ తర్వాత వెంకటనరసింహరాజువారిపేట. బోర్డు నిండా పట్టిన ఆ పొడుగు పేరు కనిపించిందంటే ఆంధ్రలోకి వచ్చినట్టే. కంచె లేదు, వాగు లేదు, పట్టాలకు అటూ ఇటూ అదే ఎర్రమట్టి, అవే మామిడి తోపులు. నగరిలో దిగితే వీధుల్లో మరమగ్గాల చప్పుడు, టీ బంకు దగ్గర తమిళం. పొద్దున తమిళనాడులో కొండ మెట్ల మీద వినిపించింది తెలుగు, సాయంత్రం ఆంధ్రలో వినిపించేది తమిళం. గ్రామంలో నూటికి 51 మందిని చూసి గీసిన గీత మిగతా 49 మందిని ఎక్కడికీ పంపలేదు, వాళ్ళు అక్కడే ఉండి రెండు భాషల్లోనూ బేరాలు చేసుకుంటున్నారు. చెన్నై తిరుగు బండికి ఇంకా ముప్పావు గంట ఉంది, టీ ఆరు రూపాయలా పదా అన్న మాట కూడా అక్కడ రెండు భాషల్లోనూ నడిచింది.